మూత బిగించకూడని క్యాన్

పశువైద్యులుగా కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ముప్పై ఏళ్ళు చేశారు కదా సార్, ఏదైనా చెప్పండి" అంటారు. గాలికుంటు గురించో గొంతువాపు గురించో చెబుతానని ఫోన్‌లో రికార్డింగు కూడా పెట్టుకుంటారు. ఆ రోగాలు పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే బాగానే ఉన్నాయి. నేను చెప్పేవి రెండే. ఒకటి, నత్రజని క్యాన్ మూత ఎప్పుడూ బిగించకూడదు. రెండు, మీ కింద పనిచేసే మనిషి గురించి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మొదట ఏ మాట అనాలి. రెండూ నాకు ఒకే రోజున, ఒకే బస్టాండులో తెలిసొచ్చాయి. అప్పటికే నా సర్వీసు పాతికేళ్ళు దాటింది.

నేను పనిచేసిందంతా చండ్రుగొండ, ములకలపల్లి, అశ్వారావుపేట చుట్టుపక్కలే. ఒకవైపు పామాయిల్ తోటలు, ఇంకోవైపు అడవి. మాది సత్తుపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం, తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం. నాకు ఎప్పుడు బదిలీ అయింది, ఎప్పుడు హోదా పెరిగింది అనేవి ఇక్కడ రాయను. అవి మా ఆవిడకే పట్టలేదు, మీకేం పడతాయి.

పటకారు

ముందుగా ఒక చిన్న సంగతి. అడవి అంచున ఉద్యోగమంటే దారిలో తనిఖీలు మామూలే. ఎక్కడో ఏ నగరంలోనో బాంబు పేలిందని టీవీలో వచ్చిన వారం ఆ తనిఖీలు రెట్టింపయ్యేవి. టిఫిన్ డబ్బా కనిపిస్తే మూత తీయించేవారు. కొత్తగా కాపురం పెట్టబోయే ఒక జంట ప్రెషర్ కుక్కర్ కొనుక్కుని పోతుంటే, దాన్ని మూడుసార్లు తెరిపించి మూడుసార్లు మూయించడం నా కళ్ళారా చూశాను. మూడోసారికి రబ్బరు రింగు తెగింది. ఆ పిల్ల ఏడుపు మొహంతో తెగిన రింగును కొంగున కట్టుకుంది.

అలాంటి ఒక వారంలోనే ఒక జవాను నా సంచి తెరిచాడు. ఉత్తరాది మనిషి. సంచిలో అన్నిటికన్నా పైన ఉన్నది బర్డిజో, అంటే కోడెలకు విత్తులు నొక్కే పెద్ద ఇనప పటకారు. "యే క్యా హై?" అన్నాడు, తుపాకీ మీద చెయ్యి వేసి. నా హిందీ అంతంతమాత్రం. పక్క చేలో ఒక కోడె మేస్తోంది. దాన్ని చూపించాను. దాని వెనక భాగంలో ఎక్కడ నొక్కుతామో కూడా చూపించాను. తర్వాత పటకారు పిడులు రెండూ కలిపి టక్కుమనిపించాను. ఆయన మోకాళ్ళు రెండూ దగ్గరికి తెచ్చుకుని, పటకారును రెండు చేతులతో భద్రంగా నాకు తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత నా బండి దూరంగా కనిపిస్తే చాలు, గేటు ఎత్తేసేవారు.

చూడగానే ఎవరు ఎలాంటివారో పోల్చుకోవడంలో వాళ్ళకు శిక్షణ ఉంటుందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. ఆ మర్యాదలో నా వృత్తికి దక్కింది ఎంతో, నా ఇస్త్రీ చొక్కాకు దక్కింది ఎంతో చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

క్యాన్, రాములు

ఈ పని తెలియనివాళ్ళ కోసం క్యాన్ గురించి రెండు మాటలు. మేలు జాతి ఆంబోతుల వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో పోసి, ద్రవ నత్రజనిలో ముంచి ఉంచుతాం. అది మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల చల్లదనం. ఆ నత్రజని ఉండే అల్యూమినియం పాత్రే క్యాన్. చూడడానికి మెడ సన్నగా ఉన్న పాల క్యాన్‌లా ఉంటుంది. మూత తీస్తే తెల్లటి పొగ బుసబుసా పొర్లుతుంది. లోపల నత్రజని ఎంత మిగిలిందో చూడడానికి ఒక పుల్లను ముంచి తీసి గాలిలో ఊపుతాం. తడిసినంత మేరా పుల్ల మీద తెల్లగా మంచు పడుతుంది. ఆవు దగ్గరకు వెళ్ళాక గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో వేసి, గడియారం చూసుకుంటూ ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి. పల్లెల్లో దీన్నంతా కలిపి సూది వేయించడం అంటారు.

లోపలి నత్రజని ఎప్పుడూ కొంచెం కొంచెంగా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోవాలి కాబట్టి మూతను వదులుగానే చేస్తారు. అది బిగిస్తే క్యాన్ పేలుతుంది. శిక్షణలో మొదటి రోజు మొదటి గంటలో చెప్పే మాట ఇదే.

ఊళ్ళకు ఈ క్యాన్ మోసుకెళ్ళి సూది వేసే మనిషిని గోపాలమిత్ర అంటారు. మా పరిధిలోని గూడేలకు తిరిగే గోపాలమిత్ర పేరు రాములు. కోయ మనిషి, అప్పటికి ముప్పై అయిదేళ్ళుంటాయి. వెలిసిపోయిన టీషర్టు, రబ్బరు చెప్పులు, మెడలో తువ్వాల. పదకొండేళ్ళు నాతో పనిచేశాడు. మా అమ్మాయి పెళ్ళికి పందిరి రాటలు పాతింది అతనే. అతని చేతిలో ఆవులకు చూలు నిలిచినట్టు నా చేతిలో ఎప్పుడూ నిలవలేదు. నాకు పట్టా ఉంది, అతనికి చెయ్యి ఉంది. ఈ విషయం ఉద్యోగంలో ఉండగా పైకి అనలేదు.

అనకూడని మాట

మాకు ఒక పెద్దాఫీసరు ఉండేవారు. మనిషి మంచివారు, పశువుల గురించి క్షుణ్ణంగా తెలిసినవారు. పశువులు ఎలా పుడతాయో నలుగురిలో అనడం మాత్రం ఆయనకు నచ్చేది కాదు. ఒకసారి పశువైద్య శిబిరానికి నేను రాయించిన బ్యానరులో 'మేలు జాతి ఆంబోతు వీర్యంతో ఉచిత సేవ' అని ఉంది. మహిళా సంఘాల వాళ్ళు వస్తున్నారని ఆ ఒక్క మాట మీద తెల్ల కాగితం అంటింపజేశారు. వచ్చిన ఆడవాళ్ళందరూ పశువులను వదిలేసి ఆ కాగితం కేసే చూశారు. చివరికి ఒకావిడ గోటితో గీకి, చదివి, మిగతావాళ్ళకు చెప్పింది. శిబిరం అంతా నవ్వులే.

ఆ తర్వాత కొద్ది రోజులకు రాములు బండి చెడిపోయి, క్యాన్‌తో బస్సెక్కాడు. ఏంది ఇది అని కండక్టరు అడిగాడు. రాములుకు దాచడం చేతకాదు. ఏ జాతి ఆంబోతు, దాని తల్లి పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చింది, దూడ ఏ రంగులో పుడుతుంది, అంతా బస్సు మోతను మించి వినపడేలా చెప్పాడు. వెనక సీట్లలో నర్సింగు చదివే ఆడపిల్లలు నవ్వాపుకోలేక కిటికీ చువ్వలకు తలలు ఆనించారట. కండక్టరు మొహం ఎర్రబడి, రాములును నడి అడవిలో దింపేశాడు. ఎనిమిది కిలోమీటర్లు క్యాన్ మోసుకుంటూ నడిచి వచ్చాడు.

నేను తిట్టాల్సింది కండక్టరును. తిట్టింది రాములును.

"ఇకనుంచి లోపల ఏముందో ఎవరడిగినా చెప్పకు. సర్కారు సామాను అను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనకు."

"పోలీసోళ్ళు అడిగితే సార్?"

"ఎవరడిగినా అన్నాను కదా!"

నా సర్వీసులో ఇంతకన్నా తెలివితక్కువ ఆదేశం నేను ఇవ్వలేదు. ఇంత శ్రద్ధగా అమలైన ఆదేశం కూడా ఇంకోటి లేదు.

బస్టాండు

ఆ బస్టాండు ఒక క్రాస్ రోడ్డు మీద ఉంది. పేరు రాయను. అక్కడి వాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళ గేదెల్లో సగానికి నేను కాన్పులు చేశాను, ఇది చదివితే నొచ్చుకుంటారు. ఆ వారం ఎక్కడో బాంబులు పేలాయని టీవీలో రోజంతా చూపిస్తున్నారు. ఎవరూ లేని సంచి కనిపిస్తే ముట్టుకోకండి, ఈ సందేశం పది మందికి పంపండి అంటూ అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. అందరూ భక్తిగా పంపుతున్నారు.

లోపలి గూడెంలో ముత్తమ్మ అనే ముసలావిడకు ఒక సంకర జాతి ఆవు ఉంది. ఆ ఆవు పాలే ఆమెకు ఆధారం. ఆ పొద్దున ఆవు ఎదకు వచ్చిందని రాములుకు కబురు వచ్చింది. పొద్దున ఎదకు వచ్చిన ఆవుకు సాయంత్రంలోగా సూది పడాలి, తప్పితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అప్పటికే రెండు ఎదలు తప్పిపోయాయి. రాములు బండి మళ్ళీ రిపేరులో ఉంది. అందుకని క్యాన్ పట్టుకుని బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాడు.

ఎండ మండిపోతోంది. నత్రజని ఎంత ఉందో చూద్దామని మూత తీశాడు. పొగ వచ్చింది. పుల్ల ముంచాడు, తీసి గాలిలో ఊపాడు, కళ్ళ దగ్గర పెట్టుకుని పరీక్షగా చూశాడు. ఆవుకు ఇంకా ఎంత సమయం ఉందో లెక్క వేసుకోవడానికి గడియారం చూసుకున్నాడు. ఇదంతా ఎదుటి చాయ్ హోటలు సత్యం చూస్తున్నాడు. తర్వాత జరిగిన మాటలు సత్యమే నాకు చెప్పాడు.

"ఏందది?"

"సర్కారు సామాను."

"సర్కారు సామాన్ల పొగెందుకొస్తది?"

"చెప్పొద్దన్నరు."

"ఎవరు చెప్పొద్దన్నరు?"

"మా సారు."

"ఏ సారు?"

రాములు కొంచెం ఆలోచించి, "గది గూడ చెప్పొద్దేమో" అన్నాడట.

అని, మళ్ళీ గడియారం చూసుకుని, క్యాన్‌ను నీడకు బెంచీ కిందికి జరిపి, అవసరానికని బస్టాండు వెనక్కి పోయాడు.

అతను తిరిగి వచ్చేసరికి బస్టాండులో నరపురుగు లేదు. ఇడ్లీ తింటున్న ఒకాయన ప్లేటుతో సహా పరిగెత్తాడు, ప్లేటు మర్నాడు తెచ్చి ఇచ్చాడు. రాములు అటూ ఇటూ చూశాడు. బస్సు వచ్చి అందరినీ ఎక్కించుకుని పోయిందనుకున్నాడు. 'అయ్యో, ముత్తమ్మ ఆవు' అనుకుంటూ దిగులుగా క్యాన్ పక్కనే కూర్చున్నాడు. కల్వర్టు వెనక దాక్కున్న జనం మాత్రం అతను చావుకు తెగించిన మనిషే అని ఖాయం చేసుకున్నారు.

పక్కనున్న టైర్ల షాపువాళ్ళు ఇద్దరు, ఒక హోంగార్డు వెనక నుంచి వచ్చి, అతని తువ్వాలతోనే అతన్ని లాగి పడేశారు. సైకిల్ ట్యూబుతో చేతులు కట్టారు. ఎవరెవరో కొట్టారు. షాపులో కూర్చోబెట్టి లోపల ఏముందని అడిగితే సర్కారు సామాను అన్నాడు. అన్న ప్రతిసారీ ఒక దెబ్బ.

ఆ హోంగార్డు ఒక్కడే మళ్ళీ క్యాన్ దగ్గరకు వెళ్ళాడు. మూతను అదిమి పెట్టి, బైండింగ్ వైరుతో ఆరు చుట్లు బిగించి కట్టి, పైన రెండు ఇసుక బస్తాలు పెట్టాడు. అతని ధైర్యానికి ఇప్పటికీ దండం పెడతాను. తెలివికి పెట్టలేను.

ఫోన్

అదే సమయానికి నేను ఇంకో ఊళ్ళో ఒక గేదె కాన్పులో ఉన్నాను. దూడ అడ్డం తిరిగింది. నా కుడి చెయ్యి భుజం దాకా లోపల ఉంది. ఫోన్ మోగితే రైతు నా జేబులోంచి తీసి చెవి దగ్గర పెట్టాడు.

"రాములు అనే మనిషి మీకు తెలుసా?"

"ఎవరు మాట్లాడేది?"

"ఎస్సైని. అతని ఫోన్‌లో ఎక్కువసార్లు ఈ నంబరే ఉంది."

"ఏం చేశాడు?" అన్నాను.

ఆ తర్వాత, లోపల ఏముందో తప్ప అన్నీ చెప్పాను. మా మనిషే అన్నాను, మంచివాడు అన్నాను, క్యాన్ జోలికి పోవద్దు, అరగంటలో వస్తున్నాను అన్నాను. దూడను బయటికి లాగి, చెయ్యి సరిగా కడుక్కోకుండానే బండెక్కాను. దారి పొడుగునా రాములును ఎలా విడిపించాలా అనే ఆలోచనే తప్ప, నేను మొదట అన్న మాట నాకు గుర్తు కూడా లేదు.

మైకు

అక్కడికి చేరేసరికి కల్వర్టు అవతల రెండు వందల మంది ఉన్నారు. బస్సులు ఆగిపోయాయి. నర్సింగు పిల్లలు ముందు వరసలో నిలబడి ఫోన్లతో తీస్తున్నారు. ఖాళీ బస్టాండులో ఇసుక బస్తాలు, వాటి కింద మెరుస్తున్న వైరు చుట్లు. పొద్దుటి నుంచి అది మామూలు క్యాన్. దాన్ని బాంబు చేసింది వీళ్ళు.

"ఆ మూత ఇప్పుడే తీయాలండీ" అన్నాను ఎస్సైతో. కుర్రవాడే, చెమటలు కారుతున్నాయి.

"జిల్లా నుంచి స్క్వాడ్ వస్తుంది. రెండు గంటలు పడుతుంది."

"అంతసేపు ఆగితే వాళ్ళు వచ్చేసరికి నిజంగానే పేలి ఉంటుంది."

"అసలు లోపల ఏముంది? మీ మనిషి ఏం చేసినా నోరు విప్పట్లేదు."

"విప్పడు. నేనే చెప్పొద్దన్నాను."

ఎస్సై ఒక అడుగు వెనక్కి వేసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా జీవితంలో పోలీసులు నన్ను అలా చూడడం అదే మొదటిసారి. "ఎందుకు చెప్పొద్దన్నారు?"

"సిగ్గుపడి."

విషయం చెవిలో చెప్పాను. ఇంతలో జనంలోంచి అరుపులు, ఎవరినీ దాని దగ్గరకు పోనివ్వొద్దని. ఎస్సై జీపులోంచి మైకు తీసి నా చేతిలో పెట్టాడు. "వాళ్ళకు మీరే చెప్పండి. నేను చెప్పలేను."

మైకు పట్టుకున్నాను. పాతికేళ్ళ సర్వీసు, పెద్దాఫీసరు అంటించిన తెల్ల కాగితం, అన్నీ గుర్తొచ్చాయి.

"అందులో బాంబు లేదు. అందులో ఉన్నది..." మైకు కీచుమంది. "...ఆంబోతు వీర్యం!"

కాసేపటికి వెనక నుంచి ఎవరో గట్టిగా అడిగారు: "గంత పొగొచ్చింది, గంత వేడి మీదున్నదా ఆంబోతు?"

రెండు వందల మంది ఒక్కసారి నవ్వారు. నర్సింగు పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ నవ్వుల్లోంచే జనాన్ని తోసుకుంటూ ముత్తమ్మ వచ్చింది, ఆవు పలుపు చేత్తో పట్టుకుని. రాములు రాకపోయేసరికి ఆవును తోలుకుని తనే నడిచి వచ్చేసింది.

"గది నా ఆవుకు తెచ్చింది! పొద్దుగాల్నుంచి సూస్తున్న. యాడ కట్టేసిన్రు మా రాములును? ఓ ఎస్సయ్యా, ఎదకొచ్చిన ఆవు మీ కేసు అయ్యేదాంక ఆగుతదా?" అని, సత్యం వైపు తిరిగింది. "నీ చాయ్‌ల పాలు యాడియి సత్యం? పోయినేడు గా క్యాన్ల నుంచొచ్చినయే. రోజు తాగుతరు, ఇయ్యాల భయమైందా?"

సత్యం గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

ఏ మాట నలుగురిలో అనలేక నేనూ మా ఆఫీసరూ ఇన్నేళ్ళు కాగితాలు అంటించామో, ఆ మాటను ఆమె కూరగాయల గురించి మాట్లాడినంత తేలికగా మాట్లాడింది. సిగ్గంతా చదువుకున్న మాదే.

రాములు కట్లు విప్పారు. కింది పెదవి వాచి ఉంది. మూతకు వైరు కట్టారని చెప్పగానే అతని మొహం పాలిపోయింది. "మూత బిగిచ్చిన్రా?" అని ఎవరి మాటా వినకుండా నడిచాడు. నేను గిట్టలు కత్తిరించే కత్తెర తీసుకుని వెనకే వెళ్ళాను. బస్తాలు దింపాడు. నా చేతిలోంచి కత్తెర తీసుకుని, "మీరు మొకం పక్కకు పెట్టుండ్రి సార్" అన్నాడు. ఆ మాట నేను అతనికి చెప్పాల్సింది.

వైరు తెగింది. మూత టప్పున ఎగిరి పైకప్పు రేకుకు తగిలింది. జనం మళ్ళీ కల్వర్టు దాటి పారిపోయారు. ఎస్సై నేల మీద బోర్లా పడుకున్నాడు. ముత్తమ్మ, ఆవు మాత్రం కదలలేదు.

పొగ తగ్గాక రాములు పుల్ల ముంచి చూశాడు. "నాలుగు వేళ్ళున్నది సార్. ఆవుకు సరిపోతది." క్యాన్ ఎత్తి నా ముందు పెట్టాడు. "సూది మీరే వెయ్యుండ్రి. నేనింక మొయ్య."

"దెబ్బలు తగిలాయి, నిజమే. వాళ్ళ మీద..."

"దెబ్బలకు గాదు సార్. ఎస్సై సారు ఫోన్ స్పీకర్ల పెట్టిండు. నేను ఎదురుంగనే కూసున్న. తెలుసా అని అడిగితే మీరు తెలుసు అనలే. ఏం జేసిండు అన్నరు."

గొంతు పెంచలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, వచ్చిన దారినే నడిచి పోయాడు. అంత సిగ్గు నాకు మైకు పట్టుకున్నప్పుడు కూడా వేయలేదు.

ముత్తమ్మ ఆవుకు ఆ బస్టాండు వెనకే సూది వేశాను. గొట్టం గోరువెచ్చని నీళ్ళలో వేసినప్పుడు ముప్పై సెకన్లు లెక్కపెట్టింది ఎస్సై. గడియారం కేసి చూస్తూ చాలా జాగ్రత్తగా లెక్కపెట్టాడు.

ఇరవై ఒక్క రోజులు

మర్నాడు రాములు ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. పనికి రమ్మన్నాను. రానన్నాడు. కోపం చూపించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

క్యాన్ మీద 'ఆంబోతు వీర్యం' అని ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాయించి, ఆ రోజుల్లో నేనే మోశాను. పెద్దాఫీసరు ఒకసారి వచ్చి చూశారు. మాట్లాడినంతసేపూ తన చేతిరుమాలు దాని మీద వేసి ఉంచారు.

ఒక రోజు కావాలనే అదే బస్టాండుకు వెళ్ళాను. అక్షరాలు గోడవైపు తిప్పి పెట్టి, అదే బెంచీ మీద కూర్చున్నాను. మూత తీశాను. పొగ వచ్చింది. పుల్ల ముంచాను, ఊపాను, చూశాను. గడియారం చూసుకున్నాను, ఒకసారి కాదు, మూడుసార్లు. నన్నెప్పుడూ చూసి ఎరగని పక్కాయన కొంచెం జరిగి చోటిచ్చాడు. ఇంకొకాయన, ముక్కూమొహం తెలియని మనిషి, "సార్, జర గీ సంచి చూస్తుండ్రి" అని తన సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి, బస్సు సంగతి కనుక్కోవడానికి పోయాడు. పొగ కక్కే క్యాన్ పక్కన, ఎవరూ లేని సంచి. ఒక్కరూ పరిగెత్తలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ రెండో మాట చెప్పేది ఇందుకే. ఆ రోజు బస్టాండులో జనం క్యాన్‌ను చూసి భయపడలేదు. రబ్బరు చెప్పులు, వెలిసిన టీషర్టు, కోయ మొహం చూసి భయపడ్డారు. వాళ్ళను తిట్టే అర్హత నాకు లేదు. వాళ్ళు అతన్ని పదకొండు నిమిషాలు కూడా ఎరగరు. నేను పదకొండేళ్ళు ఎరుగుదును, అయినా అడగగానే 'ఏం చేశాడు' అన్నాను.

సరిగ్గా ఇరవై ఒకటో రోజు పొద్దున్నే ముత్తమ్మ మా ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది. ఆవు మళ్ళీ ఎదకొచ్చింది.

"నీ చెయ్యి పనిజెయ్యలే డాక్టరు. రాములు గావాలె."

"రమ్మన్నానమ్మా. రానంటున్నాడు."

"ఏమని అడిగినవు?"

"పనికి రమ్మని."

"పనికి రమ్మన్నవు. తప్పయిందన్నవా?"

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది, నేను లేచేదాకా.

క్యాన్ బండికి కట్టుకుని రాములు ఇంటికి పోయాను. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. "తప్పు నాదే రాములూ. తెలుసు అని ముందు అనాల్సింది. నీ విషయంలో అది ఆలోచించాల్సిన మాట కాదు" అన్నాను. అతను నా బండికి కట్టిన క్యాన్ కేసి చూశాడు. వాళ్ళావిడ లోపలి నుంచి తొంగి చూసింది. చివరికి "ముత్తమ్మ ఆవేనా?" అన్నాడు. అవునన్నాను. "సూస్త సార్" అన్నాడు, అంతే. క్యాన్ మాత్రం లోపల పెట్టుకున్నాడు.

వస్తాడో రాడో తెలియక ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాను. చీటీ మీద ఒకటికి రెండుసార్లు తప్పు రాశాను. పన్నెండు దాటాక ఫోన్ మోగింది. సత్యం.

"డాక్టరు గారూ, బస్టాండ్ల ఒకాయన క్యాన్ మూత తీసి కూసున్నడు. పొగొస్తున్నది. పేరు రాములంట. మీకు తెలు..."

"తెలుసు!" అన్నాను. ఆసుపత్రిలో గేదెలు పట్టుకుని నిలబడ్డ రైతులంతా తిరిగి చూశారు.

అవతల చాలామంది నవ్వారు. హోటల్లో గ్లాసుల చప్పుడు, ముత్తమ్మ గొంతు, ఏదో బస్సు హారను. ఫోన్ చేయించింది రాములే అని అప్పుడు అర్థమైంది. తర్వాత అతని గొంతు వినపడింది.

"స్పీకర్ల పెట్టమన్న సార్. అందరు ఇన్నరు. ఈసారి జల్దీ అన్నరు" అని, బస్సొచ్చిందని ఫోన్ సత్యానికి ఇచ్చేశాడు.